చెదరని గ్రీజు

నా మరిది పోలీసు ఇన్‌స్పెక్టరు, నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఆదివారాలు ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం, మిగతా వారమంతా ఒకరి పనిలో ఒకరం వేలు పెడుతూ ఉంటాం. ఈ కేసు జోలికి రావద్దని అతను ముందే ఫోన్ చేసి చెప్పాడు. ఆ ముక్క చెప్పకపోయి ఉంటే నేను కాఫీ తాగి తాపీగా బయలుదేరేదాన్ని.

బరువైన సామాను కదిలించే చక్రాల డాలీలు, ట్రైలర్లు, వాటికి కావలసిన బెల్టులు, గొలుసులు అమ్మే దుకాణం అది. అద్దెకు కూడా ఇస్తారు. ఇద్దరు అన్నదమ్ములది. అన్న దుకాణంలో కూర్చునేవాడు, తమ్ముడు బండి తోలేవాడు. పోలీసులు చెప్పిన ప్రకారం, అన్న మొన్న పొద్దున దుకాణం వెనక ఆవరణలో, జీపుకు తగిలించి ఉన్న ట్రైలర్ మీద బెల్టు బిగిద్దామని దాని తోక మీద కాలు పెట్టాడు. ట్రైలర్ మూతి జీపు నుంచి ఊడి గాల్లోకి లేచింది, తోక నేలకు కొట్టుకుంది, పైన డాలీ మీదున్న ఇనుము చెక్కే లేత్ మిషన్ జారి ఆయన మీద పడింది. పలకరించే వ్యవధి కూడా ఇవ్వకుండా పోయాడు మనిషి.

జీపు వెనక ఇనప రాడ్డుకు ఉక్కు బాల్ ఒకటి ఉంటుంది. ట్రైలర్ మూతి దగ్గర బోర్లించిన కప్పు లాంటిది ఉంటుంది. ఆ కప్పు ఈ బాల్ మీద కూర్చుంటేనే రెండూ కలిసి నడుస్తాయి. బాల్ ఒక సైజు చిన్నదైతే కూర్చున్నట్టే ఉంటుంది గానీ ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. పోలీసులు వెళ్ళేసరికి జీపుకు చిన్న బాల్ ఉంది. సరైన బాల్ తమ్ముడి పనిముట్ల పెట్టెలో గుడ్డ చుట్టి దొరికింది. ముందురోజు రాత్రి అన్నదమ్ములిద్దరూ వీధంతా వినపడేలా పోట్లాడుకున్నారు. ఇంకేం, తమ్ముణ్ణి నా మరిది హత్యానేరం కింద లోపల వేశాడు. ఈ సాయంత్రమే కోర్టులో హాజరుపరచబోతున్నాడు.

తమ్ముడి భార్య నిన్న నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, మాట మాత్రం తడబడలేదు. తన భర్త నిద్రలో లేపి బిగించమన్నా తప్పు బాల్ బిగించే మనిషి కాదని చెప్పింది.

"ఎవరో మార్చారక్కా. ఆ మార్చినవాణ్ణి పట్టుకోండి, ఆయన ఇంటికొచ్చేస్తాడు. నాకింకేం వద్దు."

నాకు ఆ పిల్ల నచ్చింది. నచ్చినవాళ్ళ కేసు ఒప్పుకోకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం ఒకటుంది. దాన్ని నేను ఇంతవరకు ఒక్కసారి కూడా పాటించలేదు.

దుకాణం తెరిచే ఉంది. యజమాని పోయి రెండు రోజులైనా కాలేదు, అప్పుడే వ్యాపారమా అని నాకు ఒళ్ళు మండింది. కౌంటర్లో ఉన్నవాడు చనిపోయినాయన బావమరిది. ఇస్త్రీ చొక్కా, చెవిలో పెన్సిలు, నోరు తెరిస్తే తేనె. నిజం చెప్పొద్దూ, నేరం అతని మీద తేలితే బాగుండునని గుమ్మంలోనే అనుకున్నాను.

నేనెవరో చెప్పలేదు. మేడ మీద ఇనప బీరువా ఉంది, ఇల్లు మారుతున్నాం, ఏం తీసుకోవాలో చెప్పమన్నాను.

"బరువెంత అని అడగను మేడమ్, ఎవరూ సరిగ్గా చెప్పరు. పైకెక్కించినప్పుడు ఎంతమంది పట్టారో చెప్పండి చాలు."

నలుగురు పట్టారన్నాను. నేల పలకలా సిమెంటా, మెట్లు తిన్నగా ఉన్నాయా మలుపు తిరిగాయా అని అడిగాడు. అడిగిన ప్రతిదానికీ ఒక వస్తువు తెచ్చి ముందు పెట్టాడు. పలకల మీద తిప్పడానికి నాలుగు చక్రాల చదరం డాలీ. చక్రాలు మెత్తటి రబ్బరువి, నేల మీద గీత పడదట. మెట్లకు నిలువు డాలీ, ఒక్కో వైపు మూడేసి చక్రాలు గుత్తిగా ఉండి మెట్టు మెట్టుకూ దొర్లుతూ దిగేది. గాలి చక్రాలది కూడా చూపించి, అది కంకర మీదకి, మీకొద్దు అని తనే పక్కకు తోసేశాడు. అక్కర్లేనిది అంటగట్టే రకం కాదు. అది నాకు కొంచెం నిరాశే కలిగించింది.

ట్రైలర్ ఎక్కించే దగ్గరికి వచ్చాక, డాలీ మీదున్నది ఉన్నట్టే ఎక్కించేస్తే దింపేటప్పుడు సుళువు కదా అన్నాను.

అతను చెవిలో పెన్సిలు తీసి నా వైపు ఆడించాడు. "ఆ పని మాత్రం చెయ్యకండి మేడమ్. ట్రైలర్ ఎక్కాక డాలీ తీసేసి సామాను చెక్కల మీద కూర్చోబెట్టాలి. చక్రాలుంటే ఎన్ని బెల్టులు వేసినా అది పరుగెత్తడానికే చూస్తుంది."

"మరి మొన్న లేత్ మిషన్ కింద డాలీ ఎందుకుంది?"

పెన్సిలు ఆగిపోయింది. నేను కార్డు తీసి బల్ల మీద పెట్టాను. అతను దాన్ని చూసి, వీధి వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. డాలీ ఉంచెయ్యమన్నది బావేనట. కొండ అవతల దింపడానికి మనుషులు చాలరని, అలాగైతే ఇద్దరు దొర్లించుకోవచ్చని ఆయన లెక్క. నాలుగు మూలలా నాలుగు బెల్టులు వెయ్యాల్సిన చోట ఒకటే వేయించాడు, మిగతావి అద్దెకు పోయాయని. అంత బరువుకు బ్రేకులున్న ట్రైలర్ కావాలి, అది కూడా అద్దెకే పోయింది. రాత్రి గొడవ దాని గురించే. ఈ బండితో నేను కొండ రోడ్డు ఎక్కనని తమ్ముడు, నువ్వు ఎక్కకపోతే నేనే తోలుకుపోతానని బావ. చివరికి తమ్ముడే తగ్గి, తెల్లారి బయలుదేరతానన్నాడు.

"ఇదంతా ఇన్‌స్పెక్టరుతో చెప్పావా?"

"చచ్చినవాణ్ణి ఆడిపోసుకోవడం ఎందుకని..." అని నసిగాడు.

"బతికినవాడు జైలుకు పోతున్నాడుగా."

ప్రమాదానికి ముందురోజు సాయంత్రం బండి లోపలికి వచ్చినప్పుడు గేటు తీసిందెవరని అడిగితే తనేనన్నాడు. ఫ్యాక్టరీ నుంచి లేత్‌తో తమ్ముడు తోలుకొచ్చాడట. గొలుసులు తగిలించి ఉన్నాయా అంటే, మూతి కింద కత్తెర వేసినట్టు అడ్డంగా రెండూ ఉన్నాయని, తమ్ముడు అవి లేకుండా బండి కదపడని ఖాయంగా చెప్పాడు. చప్పుడు విని పొద్దున ముందు పరుగెత్తింది మాత్రం తను కాదు. తను వెళ్ళేసరికి తమ్ముడు జీపు దగ్గర ఉన్నాడు.

వెనక ఆవరణలో నా మరిది నడుం మీద చేతులు పెట్టుకుని నా కోసమే ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

"రావద్దని చెప్పాను వదినా."

"అందుకే వచ్చాను."

"ఇది మామిడికాయ పచ్చడి పోయిన కేసు కాదు. ఇక్కడ మనిషి పోయాడు."

కిందటేడు పచ్చడి జాడీ ఎవరు ఖాళీ చేశారో కనిపెట్టింది నేనే, చేసింది ఇతనే. ఆ కడుపుమంట ఇంకా తగ్గలేదు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని జీపు వెనక కూర్చున్నాను.

లేత్‌ను పక్కకు తీశారు గానీ ట్రైలర్ అలాగే తోక నేలకు ఆన్చి, మూతి పైకెత్తి ఉంది. జీపుకు ఉన్న చిన్న బాల్ నిగనిగలాడుతోంది. ఎవరో దానికి శ్రద్ధగా గ్రీజు పూశారు. వేలితో పూసిన గీతలు చుట్టూ ఒకే తీరున, ఎక్కడా చెదరకుండా ఉన్నాయి. ఫోటోలు తీయడం, వేలిముద్రలు ఎత్తడం అన్నీ అయ్యాయా అని అడిగితే అయ్యాయన్నాడు. బాల్ మీద గ్రీజులో తమ్ముడి వేలిముద్రలు స్పష్టంగా దొరికాయని గొప్పగా చెప్పాడు.

"ఇంత స్పష్టంగా ఎలా ఉన్నాయో ఆలోచించావా?"

అతను ఆలోచించలేదు. నేను లేచి అతణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టినంత పని చేశాను. ఫ్యాక్టరీ నుంచి ఇక్కడిదాకా ఊరు మొత్తం దాటి వచ్చింది ఆ బండి. మధ్యలో ఎన్ని గుంటలో, ఎన్ని మలుపులో. అంత బరువున్న కప్పు బాల్ మీద కూర్చుని అంతదూరం ఒరుసుకుంటే గ్రీజు నల్లబడి పక్కలకు పిండుకుపోవాలి, కిందున్న ఉక్కు తళతళలాడుతూ బయటపడాలి. ఇక్కడ పూసింది పూసినట్టే ఉంది. ఈ బాల్ మీద ఏ ట్రైలరూ కూర్చోలేదు. కూర్చోనిది ఊడదు కూడా. అంటే అన్న చనిపోయాకే దీన్ని ఎవరో తెచ్చి బిగించారు.

నా మరిది బాల్‌ను చూశాడు, నన్ను చూశాడు. సాక్ష్యంగా సంచిలో కట్టి ఉన్న పెద్ద బాల్ తెప్పించాడు. దాని నెత్తి మీద గ్రీజు మసిలా నల్లబడి, మధ్యలో ఉక్కు బోడిగా మెరుస్తోంది. అతనికి ముఖం మాడిపోయింది. నాకు చాలా బాగుంది, దాచుకోవడం ఎందుకు.

"ఇటు కూడా చూడు" అని ట్రైలర్ మూతి దగ్గరికి లాక్కెళ్ళాను. గొలుసులు రెండూ జీపు నుంచి విప్పి ఉన్నాయి. తెగలేదు, వంగలేదు. ఒక్కోదాన్నీ మడిచి, కొక్కేన్ని తిప్పి దాని కడియానికే లోపలివైపుగా తగిలించారు, నేల మీద ఈడ్చుకోకుండా. ప్రమాదం గొలుసులు మడిచిపెట్టదు. ఎవరో తీరిగ్గా ట్రైలర్‌ను జీపు నుంచి విప్పి, మూతి కిందున్న చిన్న చక్రం మీద నిలబెట్టి వెళ్ళిపోయారు. పైకి తగిలించినట్టే కనిపిస్తుంది. అన్న వచ్చి, రోజూ చేసినట్టే, తోక మీద కాలు పెట్టాడు. విప్పిన ట్రైలర్ తోక తొక్కితే మూతి లేవక ఏం చేస్తుంది? దానికి తోడు కింద చక్రాలు, పైన ఒకటే బెల్టు. రెండూ ఆయన ఏర్పాటే. కావాలంటే కౌంటర్లో ఉన్న బావమరిదిని అడుగు అన్నాను.

ఇక తమ్ముణ్ణి వదిలేస్తావా అని అడగబోతుంటే నా మరిది ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగొచ్చింది. ఆ ముఖం నాకు తెలుసు. పేకాటలో చివరి ముక్క అందినప్పుడు అలాగే పెడతాడు.

"బాగుంది వదినా. బాల్ తర్వాతే మార్చారు. ఒప్పుకున్నాను. బాల్ మార్చాలంటే అది ఉన్న రాడ్డునే జీపులోంచి లాగాలి, దానికి ఈ పిన్ను తియ్యాలి. పిన్నుకు తాళం ఉంది చూశారా? పగలగొట్టలేదు. దానికి ఒక్కటే తాళంచెవి. అది ఎవరి జేబులో దొరికిందో చెప్పనా?"

చెప్పనక్కర్లేదు. బాల్ తప్పుగా బిగించాడంటే నిర్లక్ష్యమని ఏ లాయరైనా వాదించుకోగలడు. సాక్ష్యం మార్చాడంటే నేరం కప్పిపుచ్చుకున్నట్టే. ఆ పిల్ల భర్తను బయటికి తెస్తానని వచ్చి నా చేతులతో నేనే అతని మెడకు ఉరి బిగించాను.

"థాంక్స్" అన్నాడు నా మరిది. ఎగతాళిగా కూడా అనలేదు, అదే ఎక్కువ బాధించింది. తమ్ముడితో ఒకసారి మాట్లాడనివ్వమని అడిగాను. గెలిచినవాడు కదా, ఉదారంగా ఒప్పుకున్నాడు.

స్టేషన్లో తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెద్ద చేతులు, గోళ్ళ సందుల్లో ఇంకా గ్రీజు. నన్ను ఎవరు పంపారో చెబితే ఒక్కసారి తలెత్తి, ఆమె ఎలా ఉందని అడిగాడు. తింటోందా అని అడిగాడు. కేసు గురించి మాత్రం ఏదీ అడగలేదు.

నేను డొంకతిరుగుడు మానేశాను. బాల్ మార్చింది నువ్వేనని నాకు తెలుసు, ఇన్‌స్పెక్టరుకూ తెలుసు, ఎందుకు మార్చావో మాత్రమే తెలియదు అన్నాను. మరి గ్రీజు ఎందుకు పూశావని అడిగితే అతనికే నవ్వొచ్చింది, ఏడుపు లాంటి నవ్వు.

"చెయ్యి అలవాటు మేడమ్. పొడి బాల్ బిగించడం చేతకాలేదు. తీసినదాన్ని గుడ్డ చుట్టకుండా పెట్టడం కూడా చేతకాలేదు. నా పొరపాటు వల్ల పోయాడని అనుకుంటారనుకున్నా. హత్య అంటారనుకోలేదు."

"నీ పొరపాటని అనుకోవాలని ఎందుకు?"

అతను ఊచల వైపు వచ్చాడు. కానిస్టేబులు దూరంగా ఉన్నాడో లేదో చూసుకున్నాడు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చానని, అన్నను చూశానని, ఇక చేసేదేం లేదని చూడగానే తెలిసిందని చెప్పాడు. అప్పుడు కళ్ళు మూతి దగ్గరికి వెళ్ళాయట. జీపు నుంచి విప్పి ఉండడం చూశాడు, గొలుసులు చూశాడు. వాటిని కూడా తీసి కింద పడేద్దామనుకున్నాడు గానీ ఈలోగా బావమరిది వచ్చేశాడు.

"దుకాణంలో అందరూ గొలుసులు విప్పి ట్రైలర్ మీద విసిరేస్తారు మేడమ్. కొక్కెం కడియంలోకి తిప్పి తగిలించేది ఇద్దరమే. పెళ్ళైన కొత్తలో పనివాళ్ళు లేరు, నాతోపాటు బండెక్కేది. నేనే నేర్పాను."

అతను ఊచలు పట్టుకుని నన్ను బతిమాలాడు. ఆమె మెత్తటి మనిషని, అన్న మీద కోపంతో ఏం చేసిందో, ఎందుకు చేసిందో తను అడగనని, ఎప్పటికీ అడగనని చెప్పాడు. సాయంత్రం కోర్టులో నేరం తనదేనని ఒప్పుకుంటాడట. మీరు ఈ గోడ దాటి ఒక్క మాట అనకండి, అంతే చాలు అన్నాడు. అలా బతిమాలే మగవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వృత్తికి పనికిరాని లక్షణమని నా మరిది అంటూ ఉంటాడు.

బయట వరండాలో బల్ల మీద ఆమె కూర్చుని ఉంది, ఒళ్ళో భోజనం క్యారేజీ. నన్ను చూడగానే లేచింది.

"దొరికాడా అక్కా? బాల్ మార్చినవాడు?"

అబద్ధం చెప్పడానికి నాకు సమయముంది. ఇంకా వెతుకుతున్నానని చెబితే నమ్మేది. సాయంత్రానికి అతను నేరం నెత్తిన వేసుకునేవాడు, ఆమె ఇంటికి పోయేది. కానీ నేను పని ఒప్పుకున్నది అతణ్ణి బయటికి తెస్తానని. ఆమెను మళ్ళీ కూర్చోబెట్టి పక్కనే కూర్చున్నాను.

"మార్చింది మీ ఆయనే."

ఆమెకు అర్థం కాలేదు. అబ్బే, ఆయనెందుకు మారుస్తాడు అంది.

"చప్పుడు విని వచ్చి, గొలుసులు మడిచి తగిలించి ఉండడం చూశాడు."

అప్పుడు అర్థమైంది. క్యారేజీ జారకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కొంచెంసేపటికి చాలా మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. ఆ రాత్రంతా ఆయన నిద్రపోలేదు, బ్రేకుల్లేని బండితో కొండ దిగేటప్పుడు ఏ గేరులో దిగాలా అని తనలో తను గొణుక్కుంటూనే ఉన్నాడు. తెలతెలవారుతుండగా ఆమె దుకాణం మేడ మీది ఇంట్లోంచి కిందికి వెళ్ళి ట్రైలర్ విప్పేసింది. మళ్ళీ ఎవరూ తగిలించకుండా, మూతిని ఎత్తి దించే ముందు చక్రం హ్యాండిల్ ఊడదీసి తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచింది. అది లేకపోతే ఆ పూటకు ప్రయాణం ఆగుతుంది, ఈలోగా బ్రేకులున్న బండి తిరిగొస్తుంది. అంతే ఆమె అనుకున్నది. బావగారు అంత పొద్దున్నే వచ్చి దాని మీద కాలు పెడతాడని కల్లో కూడా అనుకోలేదు. ఆ తర్వాత బాల్ సంగతి విని, బావగారు పోవడానికి కారణం అదేనని, తను విప్పడానికీ దానికీ సంబంధం లేదని తనకు తనే నచ్చజెప్పుకుంది. అలా నచ్చజెప్పుకునే నా దగ్గరికి వచ్చింది.

"నేను కావాలని చేశాననుకున్నాడా ఆయన?"

"ఏమో, అడగనన్నాడు. ఎప్పటికీ అడగడట."

ఆమె పమిటతో కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడేమీ మాట్లాడకు, ముందు మంచి లాయరును చూద్దాం, నువ్వు చేసింది హత్య కాదు, డాలీ సంగతీ బెల్టు సంగతీ బావమరిది చేత చెప్పిస్తాను అని గబగబా చెప్పుకుపోయాను. వింటున్నట్టే తల ఊపింది. ఆపైన క్యారేజీ నా చేతిలో పెట్టి, ఇంకా వేడిగానే ఉంది, ఆయనకు ఇవ్వండి అంది. లేచి చీర సర్దుకుంది.

"ఇన్‌స్పెక్టరు గారి గది ఎటక్కా?"

ఆమె నా క్లయింటు. క్లయింటును కాపాడడం నా పని, ఆ నిమిషాన చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. నేను ఆపలేదు. ఎడమవైపు రెండో గది అని చూపించాను.